ప్లేటు మీద చచ్చే సూక్ష్మజీవి ఒంట్లో ఎందుకు చావదు?

టైఫాయిడ్ లాంటి జబ్బులు తెచ్చే సాల్మొనెల్లా సూక్ష్మజీవి మీద పనిచేసే ఏ పరిశోధనాశాలకు వెళ్ళినా ఫ్రిజ్‌లో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సీసా ఉంటుంది. అక్కడ దాన్ని రోగం తగ్గించడానికి వాడరు. మనిషి కణం లోపలికి దూరిపోయిన సూక్ష్మజీవులు ఎన్ని, బయటే మిగిలినవి ఎన్ని అని తేల్చడానికి వాడతారు. బయటున్నవాటిని ఆ మందు చంపేస్తుంది, లోపలున్నవాటి జోలికి పోదు. పోదు కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. ఒడిశా-ఆంధ్ర సరిహద్దు దగ్గర, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ చుట్టుపక్కల మన ఊళ్ళలో అదే జెంటామైసిన్‌ని జ్వరమొచ్చిన మనిషి తుంటికి పొడిచి, టైఫాయిడ్ తగ్గుతుందని ఎదురుచూస్తాం. "మూడు సూదులు పడ్డా జెరం దిగనేదు బాబూ" అంటే నాలుగోది పొడుస్తారు.

తప్పంతా సూది పొడిచే ఆర్‌ఎంపీదే అనడం తేలిక. నాకు అంతకంటే పెద్ద పేచీ ల్యాబ్ రిపోర్టుతో ఉంది. రోగి నుంచి తీసిన సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి ఇచ్చే కల్చర్ రిపోర్టులో మందు పేరు ఎదురుగా 'ఎస్' (సెన్సిటివ్, అంటే లొంగుతుంది) అని పడితే, ఆ మందు ప్లేటు మీద ఆ సూక్ష్మజీవిని ఆపిందని మాత్రమే అర్థం. సూక్ష్మజీవుల్ని పెంచే ఆ ప్లేటు మీద మన కణాలుండవు, దాక్కునే చోటుండదు. జ్వరానికి మందు రాసేవాళ్ళు 'ఏ సూక్ష్మజీవి' అన్న ప్రశ్న దగ్గర ఆగకుండా 'ఇప్పుడది ఎక్కడుంది' అని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్నకు జవాబు సూక్ష్మజీవుల సెక్రీషన్ సిస్టమ్స్‌లో ఉంది. అంటే, తమ ప్రోటీన్లను బయటికి, తరచుగా నేరుగా మన కణాల్లోకి, పంపడానికి అవి కట్టుకునే యంత్రాలన్నమాట.

ముందు ఆ ల్యాబ్ పద్ధతి చూద్దాం, అసలు సంగతి అందులోనే తెలిసిపోతుంది. సాల్మొనెల్లాను ఎల్‌బీ అనే పోషక ద్రవంలో, 0.3 మోలార్ ఉప్పు వేసి, గాలి తక్కువ తగిలేలా పెంచుతారు. ఉప్పు ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ అంటే పేగులో ఉన్న పరిస్థితే. అది చూసి సూక్ష్మజీవి దూరడానికి సిద్ధపడుతుంది. ఒక్కో మనిషి కణానికి పది చొప్పున వేసి, 37 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉంచుతారు. కడిగేసి మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల జెంటామైసిన్ పోసి గంట ఉంచి, ఆపైన 10 మైక్రోగ్రాములకు తగ్గిస్తారు. చివర్లో ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌తో కణాలను పగలగొట్టి, పదో వంతు చొప్పున పలచన చేసుకుంటూ ప్లేట్ల మీద పరిచి, మర్నాడు కాలనీలు లెక్కపెడతారు. 2 గంటల లెక్క ఎన్ని దూరాయో చెబుతుంది, 16 గంటల లెక్క ఎన్ని పెరిగాయో చెబుతుంది.

మందుకు లొంగే సాల్మొనెల్లాను ప్లేటు మీద ఆపడానికి ఒకటి రెండు మైక్రోగ్రాముల జెంటామైసిన్ చాలు. ఇక్కడ పోసింది వంద. అయినా లోపలివి బతికి, మర్నాటికి పెరిగి కనిపిస్తాయి. మామూలు మోతాదులో ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు రోగి రక్తంలో ఈ మందు గరిష్ఠంగా చేరేది 5 నుంచి 10 మైక్రోగ్రాములు.

ఈ పద్ధతి చెడిపోయే దారులు కూడా తెలుసుకోదగ్గవి. వంద మైక్రోగ్రాముల దగ్గరే రాత్రంతా వదిలేస్తే కణం తాగే ద్రవంతో పాటు మందు కొంచెం కొంచెంగా లోపలికి చేరి లెక్క తగ్గిపోతుంది. పది వేయాల్సిన చోట వంద సూక్ష్మజీవులు వేస్తే కణాలే చస్తాయి. మాక్రోఫేజ్‌లతో (సూక్ష్మజీవుల్ని మింగే తెల్లకణాలు) చేసేటప్పుడు ఇంకో చిక్కు: దూరడానికి కట్టుకునే సూదులతో (వాటి సంగతి కింద చెబుతాను) పూర్తిగా సిద్ధమైన సాల్మొనెల్లాను వేస్తే, ఆ సూది ముక్కల్ని మాక్రోఫేజ్ పసిగట్టి తనంతట తానే పగిలి చస్తుంది. పగిలిన కణంలోకి జెంటామైసిన్ సులువుగా వెళ్తుంది. 'ఈ రకం లోపల పెరగదు' అని తప్పుగా రాసుకుంటాం. అందుకే మాక్రోఫేజ్‌లకు రాత్రంతా పెరిగి ఎదుగుదల ఆగిన కల్చర్‌ని, సీరమ్‌తో కలిపి వేస్తారు.

ఇక ఆ సూది. మూడో రకం సెక్రీషన్ సిస్టమ్ అని దాని పేరు. 1998లో సాల్మొనెల్లా నుంచి దాన్ని విడదీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూపించారు, హోర్హే గలాన్ బృందం అందులో ఉంది. సూక్ష్మజీవి లోపొరలో పీఆర్‌జీ-హెచ్, పీఆర్‌జీ-కె అనే ప్రోటీన్ల ఉంగరాలు, బయటి పొరలో ఇన్వ్-జి ఉంగరం, వాటి మీద నిలబడి బయటికి పొడుచుకొచ్చిన సూది. సూది మొత్తం పీఆర్‌జీ-ఐ అనే ఒకే చిన్న ప్రోటీన్ వందకు పైగా ప్రతులు మెలితిరిగి పేర్చుకుంటే వచ్చింది. పొడవు యాభై నానోమీటర్ల చిల్లర, లోపలి రంధ్రం రెండు మూడు నానోమీటర్లు. మడతపెట్టుకున్న ప్రోటీన్ ఆ రంధ్రంలో పట్టదు. ఉండ విప్పిన దారం సూది బెజ్జంలో ఎక్కినట్టు, మడత విప్పుకుని పోగులా సాగి వెళ్ళాలి. విప్పే పని అడుగున ఉన్న ఇన్వ్-సి అనే ఎంజైమ్ కణ ఇంధనమైన ఏటీపీ ఖర్చుపెట్టి చేస్తుంది. సూది కొన మీద సిప్-డి కూర్చుంటుంది. మన కణం పొర తగలగానే సిప్-బి, సిప్-సి వెళ్ళి ఆ పొరలో రంధ్రం వేస్తాయి.

ఆ దారిలో వెళ్ళే ప్రోటీన్లను ఎఫెక్టర్లు అంటారు. సోప్-ఇ లాంటివి మన కణంలోని రాక్-1, సీడీసీ-42 అనే స్విచ్చుల్ని నొక్కుతాయి. కణం అంచు లేచి, అలల్లా మడతలు పడి, సూక్ష్మజీవిని తానే లోపలికి లాక్కుంటుంది. నిమిషాల్లో అయిపోయే పని ఇది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది దీని తర్వాత జరిగేది. అదే సూదిలోంచి ఎస్‌పీటీ-పీ అనే ఇంకో ప్రోటీన్ కూడా వెళ్ళింది, అది అవే స్విచ్చుల్ని ఆపుతుంది. నొక్కేదీ ఆపేదీ ఒకేసారి వెళ్తే రెండూ కొట్టుకుపోవాలి కదా? పోవు. సోప్-ఇని మన కణమే చెత్తగా గుర్తించి త్వరగా ముక్కలు చేస్తుంది, ఎస్‌పీటీ-పీ గంటల తరబడి నిలుస్తుంది. కాబట్టి ముందు తలుపు తెరుచుకుంటుంది, తర్వాత మూసుకుంటుంది. 2003లో ఈ సంగతి తేలింది. కణం బతికి ఉండాలి, గొడవ సద్దుమణగాలి, అప్పుడే సూక్ష్మజీవికి కాపురం కుదురుతుంది.

లోపలికి వెళ్ళాక అది ఉండేది ఒక పొర సంచిలో. మామూలుగా ఆ సంచి, కణం చెత్తను అరిగించే లైసోజోమ్‌తో కలిసి, లోపలి సరుకు అరిగిపోవాలి. ఇక్కడ సాల్మొనెల్లా రెండో సూది కడుతుంది. దాని జన్యువులు ఎస్‌పీఐ-2 అనే వేరే జన్యు ద్వీపంలో (ఒకేచోట గుంపుగా ఉన్న జన్యువుల ముక్కలో) ఉంటాయి, 1995లో డేవిడ్ హోల్డెన్ బృందం దీన్ని బయటపెట్టింది. సంచిలో ఆమ్లం పెరిగి పీహెచ్ 5కి దిగడం, మెగ్నీషియం, ఫాస్ఫేట్ తగ్గిపోవడం చూసి 'లోపలికొచ్చాం' అని గుర్తుపడుతుంది. పీహెచ్ 5లో సూది తయారవుతుంది కానీ ఎఫెక్టర్లు వదలదు. సూది కొన సంచి పొరను పొడుచుకుని అవతలి కణరసంలోకి, అంటే పీహెచ్ 7.2లోకి, చేరిన సంకేతం అందాకే వదులుతుంది. అప్పుడు సిఫ్-ఎ లాంటివి వెళ్ళి కణంలోని రవాణా తీగల్ని పట్టుకుని సంచిని గొట్టాలుగా సాగదీస్తాయి, పోషకాలు అందేలా చూస్తాయి, కాటేసే ఎంజైములు అటు రాకుండా మళ్ళిస్తాయి. ఈ రెండో సూది లేని సాల్మొనెల్లా ఎలుకను చంపలేదు.

ఒక హెచ్చరిక. పైన చెప్పినదాంట్లో ఎక్కువ భాగం టైఫీమ్యూరియం అనే రకం మీద, ఎలుకల్లో తేలింది. మనకు టైఫాయిడ్ తెచ్చే టైఫీ వేరే. అది కొన్ని ఎఫెక్టర్లను పోగొట్టుకుంది. ఎలుక మాక్రోఫేజ్‌లో ర్యాబ్-32 అనే ప్రోటీన్ దాన్ని చంపేస్తుంది. టైఫీమ్యూరియం జీటీజీ-ఇ అనే ఎఫెక్టర్‌తో ర్యాబ్-32ని కోసేసి బతుకుతుంది, టైఫీ దగ్గర ఆ కత్తెర లేదు. 2012లో టైఫీకి జీటీజీ-ఇని ఇచ్చి చూస్తే ఎలుక మాక్రోఫేజ్‌లో నిలబడగలిగింది. కాబట్టి ఎలుకల్లో పనిచేసిన ప్రతి కొత్త మందునీ టైఫాయిడ్‌కి విజయంగా రాసే పత్రికావార్తలను నేను సగమే నమ్ముతాను.

ఇప్పుడు పర్లాకిమిడి రోగి దగ్గరికి వద్దాం. టైఫాయిడ్ రోగి రక్తంలో మిల్లీలీటరుకు ఉండే టైఫీ సుమారుగా ఒక్కటి. ఆ ఒక్కటీ కూడా సగానికి పైగా కేసుల్లో తెల్లకణం లోపలే ఉంటుంది. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే రెండు తప్పులు వాటంతటవే తెలుస్తాయి. ఒకటి, పెద్దవాళ్ళకి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి బ్లడ్ కల్చర్ సీసాలో వేస్తే దొరకకపోవడం మామూలే. ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు కావాలి, వీలైతే రెండు సీసాలు, అదీ మొదటి యాంటీబయాటిక్ పడకముందు. ఎంత బాగా తీసినా పదిమందిలో ఆరుగురికే దొరుకుతుంది, అయినా తీయాలి. రెండు, కల్చర్ బదులు, యాంటీబాడీలు చూసే వైడల్ పరీక్ష చేసి 'టైఫాయిడ్ పాజిటివ్' అని చేతిలో పెట్టడం. టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే మన ప్రాంతంలో వేరే జ్వరం వచ్చినా, పాత యాంటీబాడీల వల్ల ఒక్కసారి చేసిన వైడల్ ఎక్కువ చూపించగలదు. ఆ కాగితం చూసి పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ రోగికి వారం పాటు టైఫాయిడ్ మందు నడిపించడం ఈ సరిహద్దు పల్లెల్లో జరిగే అసలు నష్టం.

రిపోర్టులో జెంటామైసిన్ ఎదురుగా 'ఎస్' రాసే ల్యాబ్ గురించి ఇందాక అన్నాను. ల్యాబులు పాటించే సీఎల్‌ఎస్‌ఐ ప్రమాణాల్లో ఈ సంగతి విడమరిచి రాసి ఉంది: సాల్మొనెల్లా, షిగెల్లా విషయంలో జెంటామైసిన్ కుటుంబం మందులు, మొదటి, రెండో తరం సెఫలోస్పోరిన్లు ప్లేటు మీద పనిచేసినట్టు కనిపించినా రోగిలో పనిచేయవు, కాబట్టి 'ఎస్' అని రిపోర్టు ఇవ్వకూడదు. మెషీన్ పది మందుల జాబితా ముద్రిస్తుంది, సంతకం పెట్టేవాళ్ళు ఆ వరసలు కొట్టేయరు. దీనికి కొత్త పరికరం అక్కర్లేదు, పెన్ను చాలు.

మూడో తరం సెఫలోస్పోరిన్ అయిన సెఫ్ట్రియాక్సోన్ సంగతి వేరు. అది టైఫాయిడ్‌కి పనిచేస్తుంది, మంచి మందు. కానీ అది కూడా కణం లోపల పోగుపడే మందు కాదు. బయటికొచ్చిన సూక్ష్మజీవుల్ని చంపుతూ, లోపలివి ఎప్పుడు బయటపడతాయా అని కాచుకోవాలి. అందుకే జ్వరం దిగడానికి అయిదు నుంచి ఏడు రోజులు పట్టడం మామూలు. మూడో రోజున 'మందు పనిచేయలేదు' అని పాతపట్నం మీదుగా శ్రీకాకుళం బస్సెక్కడం, అక్కడ ఇంకో మందు, అయిదో రోజున విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రి, అక్కడ ఎలాగూ దిగే టైము వచ్చి జ్వరం దిగితే ఆఖరి మందుకు పేరు. ఈ తిరుగుడు వల్ల కోర్సు ఎవరి దగ్గరా పూర్తవదు. పెద్దవాళ్ళకి రోజుకు 2 గ్రాములు, 10 నుంచి 14 రోజులు, మధ్యలో ఆపితే తిరగబెట్టొచ్చు. అజిత్రోమైసిన్ దీనికి తిరగేసిన రకం: రక్తంలో అది కాసింతే, తెల్లకణాల లోపల వందరెట్ల పైన పోగుపడుతుంది. చిక్కులేని టైఫాయిడ్‌కి వారం రోజుల మాత్రలు సరిపోతాయి. ఒకప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ అంత బాగా పనిచేయడానికీ కణంలోకి దూరగలగడమే కారణం. జన్యువు మార్చుకుని టైఫీ దాన్ని పాడుచేసింది, మన దేశంలో ఇప్పుడు నమ్ముకోలేం. సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగని రకం 2016 నుంచి హైదరాబాద్‌లో వ్యాపించిందని ఎక్కడైనా చదివితే కంగారుపడకండి, అది సింధ్‌లోని హైదరాబాద్. మన హైదరాబాద్ భారత్ బయోటెక్ చేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, సూక్ష్మజీవి కణంలోకి దూరకముందే, దాని పైతొడుగు మీద దాడి చేయిస్తుంది. నన్నడిగితే దూరాక వెతుక్కోవడం కంటే ఇదే మేలు.

పశువుల నుంచి మనుషులకు అంటుకునే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి దగ్గర ఈ వాదన ఇంకా గట్టిపడుతుంది. పశువుల్లో ఈసుడు రోగం. ఆవో గేదో చూడి ఆరు నెలలు దాటాక ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోతుంది, మాయ పడదు, రైతు చేత్తో లాగేస్తాడు. ఆ మాయలో, ఆ నీళ్ళలో కోట్ల కొద్దీ బ్రూసెల్లా ఉంటాయి. మనిషికి అంటుకోవడానికి గాలిలో పీల్చిన పది నుంచి వంద చాలు. సంతల్లో పశువులు ఒడిశా నుంచి ఆంధ్రకి, అటునుంచి ఇటు, చేతులు మారుతూనే ఉంటాయి; ఈసుకుపోయిన ఆవునే ముందు అమ్మేస్తారు.

బ్రూసెల్లాకు ఉన్నది నాలుగో రకం సెక్రీషన్ సిస్టమ్, విర్-బి. పన్నెండు జన్యువుల వరస, 1999లో దొరికింది. మొక్కలకు కంతులు తెచ్చే అగ్రోబాక్టీరియం డీఎన్‌ఏ ఎక్కించడానికి వాడే యంత్రానికి ఇది దగ్గర చుట్టం. మాక్రోఫేజ్ మింగిన బ్రూసెల్లాల్లో చాలా భాగం మొదటి గంటల్లోనే చస్తాయి. మిగిలినవాటి సంచిలో పీహెచ్ 4.5కి దిగినప్పుడు విర్-బి తయారవుతుంది. చంపడానికి పోసిన ఆమ్లమే దానికి మేలుకొలుపు. మొదటి గంటల్లోనే ఆ ఆమ్లం చేరకుండా బాఫిలోమైసిన్ అనే రసాయనంతో అడ్డుకుంటే బ్రూసెల్లా పెరగలేదని ప్రయోగాల్లో చూశారు. విర్-బి ద్వారా వెళ్ళే ఎఫెక్టర్లు సంచిని లైసోజోమ్ దారి నుంచి తప్పించి, కణం తన ప్రోటీన్లు తయారుచేసుకునే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌తో కలిపేస్తాయి. పన్నెండు గంటలయ్యేసరికి ఆ గూట్లో తీరుబడిగా పెరగడం మొదలవుతుంది. కణాన్ని చంపదు, పెద్దగా గొడవ చేయదు. అందుకే జ్వరం నెలల తరబడి వస్తూపోతూ ఉంటుంది, సాయంత్రం చెమటలు, నడుం నొప్పి, మగవాళ్ళలో వృషణం వాపు.

ఇంత లోపల కూర్చున్నదానికి ఏడు రోజుల మందు ఎలా సరిపోతుంది? డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఆరు వారాలు. దానికి తోడుగా స్ట్రెప్టోమైసిన్ రెండు మూడు వారాలు, లేదా జెంటామైసిన్ వారం. కుదరకపోతే రిఫాంపిసిన్ 600 నుంచి 900 మిల్లీగ్రాములు ఆరు వారాలు. ఇక్కడ నా మీద ఎదురు ప్రశ్న వేయొచ్చు: జెంటామైసిన్ కణంలోకి పోదన్నావు, మరి ఇక్కడ ఎందుకు ఇస్తారు? న్యాయమైన ప్రశ్న. ఇక్కడ అది ఒంటరిగా ఎప్పుడూ పనిచేయదు. లోపల డాక్సీసైక్లిన్ పెరుగుదలను ఆపి ఉంచుతుంది, కణాలు చచ్చి బయటపడినవాటిని, రక్తంలో తిరిగేవాటిని ఇంజెక్షన్ తుడిచేస్తుంది. ఈ జంటతో రోగం తిరగబెట్టడం రిఫాంపిసిన్ జంటతో కంటే తక్కువ. రిఫాంపిసిన్ కణంలోకి బాగా వెళ్తుంది నిజమే, కానీ కాలేయాన్ని రెచ్చగొట్టి డాక్సీసైక్లిన్‌ని త్వరగా ఖర్చు చేయిస్తుంది. అంటే 'లోపలికి వెళ్ళే మందు మంచిది' అని కళ్ళుమూసుకుని సూత్రం చేసుకున్నా దెబ్బతింటాం.

రిఫాంపిసిన్ విషయంలో నా భయం ఇంకొకటి. వెన్నెముక నొప్పి, జ్వరం, బరువు తగ్గడం అంటే టీబీ కూడా అలాగే ఉంటుంది. బ్రూసెల్లా నడుం ఎముకల్ని ఎక్కువగా పడుతుంది, టీబీ ఛాతీ వెనకవాటిని. కానీ ఆ తేడా నమ్ముకుని టీబీ కాదని తేల్చకుండా డాక్సీ, రిఫాంపిసిన్ మొదలుపెడితే, టీబీ సూక్ష్మజీవికి ఒంటరి రిఫాంపిసిన్‌తో తర్ఫీదు ఇచ్చినట్టే. ముందు కఫమో, ఎముక నమూనానో టీబీ జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకి పంపాలి.

పశువు వైపు: నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు ఎస్-19 టీకా, జీవితంలో ఒక్కసారే. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో ఇది ఉచితం. అది బతికున్న టీకా, దూడకు పొడిచే సూది మనిషికి గుచ్చుకుంటే మనిషికే బ్రూసెల్లోసిస్ రావచ్చు, చూడి పశువుకు వేస్తే ఈసుకుపోవచ్చు. మాయను మోచేతి దాకా గ్లోవ్స్ వేసుకుని పట్టుకోవాలి, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యిలో సున్నం వేసి పూడ్చాలి. పాలు పొంగే దాకా కాచాలి.

స్క్రబ్ టైఫస్ గురించి తక్కువ మాటల్లో, ఎందుకంటే మందు విషయంలో ఇక్కడ వాదనకే తావులేదు. వానల తర్వాత పోడు చేలల్లో, తుప్పల్లో, జీడిమామిడి తోటల్లో చిగర్ అనే పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. దీని కారకం ఓరియెన్షియా సంచిలో కూడా ఉండదు, సంచి చించుకుని నేరుగా కణరసంలో పెరుగుతుంది. దాని జన్యుపటంలో నాలుగో రకం సెక్రీషన్ సిస్టమ్ ముక్కలు మళ్ళీమళ్ళీ నకళ్ళై నిండి ఉన్నాయి, మొదటి రకం ద్వారా ఆంకిరిన్ ప్రోటీన్లను కణంలోకి వదులుతుంది. గోడ పదార్థం దానికి నామమాత్రం, సెఫ్ట్రియాక్సోన్ దెబ్బకొట్టేదేమో ఆ గోడనే. ఆ మందు కణం లోపలికి వెళ్ళలేదు, వెళ్ళినా కొట్టడానికి ఏమీ లేదు. డాక్సీసైక్లిన్ ఇస్తే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్. ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతిన్న తీవ్ర రోగుల్లో రెండూ కలిపి నరం ద్వారా ఇవ్వడం మేలని మన దేశంలో దాదాపు 800 మంది మీద చేసి 2023లో ప్రచురించిన పరీక్ష తేల్చింది: మరణం, ఏడో రోజుకూ తగ్గని సమస్యలు, అయిదో రోజుకూ వదలని జ్వరం అన్నీ కలిపిన లెక్క ఒక్కో మందుతో 47, 48 శాతం, జంటతో 33 శాతం.

వెతకాల్సింది ఒక నల్లటి పెచ్చు. సిగరెట్టు కాల్చి అంటించినట్టు, చుట్టూ ఎర్రగా, నొప్పి లేకుండా ఉంటుంది. నొప్పి లేదు కాబట్టి రోగి చెప్పడు. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, చీర కుచ్చిళ్ళు దోపే నడుం దగ్గర, చెవి వెనక చూడాలి. ఓపీలో పది నిమిషాలు నిలబెట్టి, చొక్కా కూడా విప్పించకుండా పంపేస్తే ఇది దొరకదు. దొరికితే ఐజీఎం ఎలైసా రక్తపరీక్ష కోసం ఆగనక్కర్లేదు, మొదటి అయిదు రోజుల్లో అదెలాగూ నెగటివ్ రావచ్చు.

పొలం మట్టి నుంచి వచ్చే మెలియోయిడోసిస్ ఒకటి నా వాదనకు కొరకరాని కొయ్య. షుగర్ ఉన్న వరి రైతుకు వానాకాలంలో వచ్చే న్యుమోనియా, కాలేయంలో చీముగడ్డలు అంటే దాన్ని అనుమానించాలి. దీని కారకమైన బర్ఖోల్డేరియా మూడో రకం సూదితో సంచి చించుకుంటుంది, ఆరో రకం సెక్రీషన్ సిస్టమ్‌తో పక్కపక్క కణాలను ఒకదానితో ఒకటి అతికించేసి, బయటికి రాకుండానే వ్యాపిస్తుంది. అంత లోపలి జీవికి మందు మాత్రం సెఫ్టాజిడిమ్, కణంలోకి అంతగా వెళ్ళని కుటుంబమే, పనిచేస్తుంది! కానీ షరతులు చూడండి: కనీసం 10 నుంచి 14 రోజులు నరంలోకి, జ్వరం దిగడానికే తరచు తొమ్మిది రోజులు, ఆపైన మూడు నెలలు కోట్రైమాక్సజోల్ మాత్రలు. ఆ మూడు నెలలు ఎగ్గొడితే రోగం తిరిగి రావచ్చు. ల్యాబులో దీన్ని 'సూడోమోనాస్' అనో, పనికిరాని మట్టి సూక్ష్మజీవి అనో పారేస్తుంటారు. ఆక్సిడేజ్ పాజిటివ్, జెంటామైసిన్‌కి, కోలిస్టిన్‌కి లొంగదు, అమాక్సిక్లావ్‌కి లొంగుతుంది అన్న మూడూ కలిసి కనిపిస్తే ఆ ప్లేటు పారేయకూడదు.

ఇంత తెలిశాక సెక్రీషన్ సిస్టమ్‌నే అడ్డుకునే మందు ఎందుకు లేదని అడుగుతారు. ప్లేటు మీద సూదిని ఆపే రసాయనాలు చాలానే దొరికాయి. మనిషికి రాసే మందుగా ఒక్కటీ నిలబడలేదు. రోగి వచ్చేసరికి దూరడం అయిపోయి ఉంటుంది, దూరే సూదిని అప్పుడు ఆపి లాభమేమిటి? రెండో సూదిని ఆపాలంటే మందు మళ్ళీ కణం పొర, సంచి పొర, సూక్ష్మజీవి రెండు పొరలు దాటాలి. ఈ జ్ఞానం ఇప్పటికే పనికొచ్చింది పరీక్షల్లో. టీబీ సూక్ష్మజీవి ఏడో రకం వ్యవస్థ ఈఎస్ఎక్స్-1 ద్వారా ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే ప్రోటీన్లు వదులుతుంది. 1908 నుంచి 1921 దాకా 230 సార్లు తిరగ పెంచి తయారుచేసిన బీసీజీ టీకా సూక్ష్మజీవికి ఆ జన్యువుల ముక్క ఊడిపోయింది. అందుకే టీబీకి చేసే పాత మాంటూ చర్మపరీక్షలో బీసీజీ వల్ల కూడా చెయ్యి పొంగొచ్చు, ఈ రెండు ప్రోటీన్లతో చేసే సై-టీబీ చర్మపరీక్షలో పొంగదు.

సరిహద్దులో మిగిలే చిక్కు మందుది కాదు, కాగితానిది. రక్తం పర్లాకిమిడిలో తీస్తారు, మందు పాతపట్నంలో కొంటారు, మూడో వారానికి కూలి పనికి విశాఖ వెళ్ళిపోతారు. ఒడియాలో ఉన్న చీటీ అక్కడి డాక్టరుకు అర్థం కాదు. బ్రూసెల్లా రోగి చేతికి ఇచ్చే కాగితం మీద నాలుగు సంగతులు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి: రోగం పేరు, డాక్సీసైక్లిన్ మొదలైన తేదీ, ఆరు వారాలు పూర్తయ్యే తేదీ, ఇంజెక్షన్లు ఎన్ని పడ్డాయి. కింద ఇంకో వరస: మందు ఆపిన ఆరు నెలల లోపు మళ్ళీ జ్వరమో, నడుం నొప్పో వస్తే కొత్త జ్వరమని మందు కొనుక్కోవద్దు, ఈ కాగితం పట్టుకుని రండి. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం ఆ ఆరు నెలల్లోనే బయటపడతాయి. అదీ చాలావరకు సూక్ష్మజీవి మందుకు మొండికేసినందువల్ల కాదు, మధ్యలో ఆగిన కోర్సు వల్ల. అవే మందులు మళ్ళీ మొదటి నుంచి పూర్తిగా వాడితే తగ్గుతుంది.